మొద్దు సైకిల్

నలభై ఆరో ఏట సైకిల్ కొంటానని చెప్తే మా తమ్ముడు మొదట అడిగిన మాట, "ఎవరికక్కా?"

"నాకే."

"నీకా? ఏటి, మళ్లీ కాలేజీలో సేరతావా?"

వాడు అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కొట్టు దగ్గర కాటా చూసే పని చేస్తాడు. నేను అదే ఊళ్లో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. అప్పటికి మా ఆయన పోయి పదకొండు నెలలైంది. అది రెండు వేల ఎనిమిది. ఆ పదకొండు నెలల్లో నా అంతట నేను ఇల్లు, స్కూలు, చర్చి తప్ప మరో చోటికి వెళ్తానన్నదే లేదు. అందుకని సైకిల్ మాట వినగానే వాడికి నవ్వు వచ్చినా, వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు. "పద, ఏ సైకిలో సూద్దాం" అన్నాడు.

కారణం మాత్రం నేను వాడికి దారిలో చెప్పాను.

మా ఆయనది రాంబిల్లి దాటాక సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. తన అమ్మానాన్నల సమాధుల పక్కనే తననూ పెట్టమని ఆస్పత్రిలో ఉండగానే అడిగారు. అలాగే పెట్టాం. ఆ తర్వాత నేను ఐదుసార్లు వెళ్లాను. ఐదుసార్లూ ఆటోలోనే, ప్రతిసారీ నాతో కనీసం నలుగురు. నన్ను ఒంటరిగా పంపితే ఏమైపోతానో అని వాళ్ల భయం. మంచివాళ్లు. ఆటో దిగగానే ఒకరు నా చెయ్యి పట్టుకుంటారు, ఒకరు నీళ్ల సీసా మూత తీస్తారు, ఒకరు గట్టిగా ప్రార్థన మొదలుపెడతారు. ప్రార్థన సగంలోకి వచ్చేసరికి మా ఆడపడుచుకు ఏడుపు వస్తుంది. ఆమెను నేను ఊరుకోబెడతాను. ఆమె ఊరుకునేసరికి ఆటో అతను హారన్ కొడతాడు. ఐదుసార్లు వెళ్లి ఐదు నిమిషాలైనా నేను ఆయన దగ్గర ఊరికే కూర్చోలేదు.

నాకు కావలసింది అదే. ఒక్కదాన్నే వెళ్లాలి. ఎవరినీ ఓదార్చకుండా కాసేపు కూర్చోవాలి. రావాలి.

బస్సు ఊరి మలుపు దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లు. మొదట కొంత దూరం ఎడ్లబండ్లు తిరిగి గాళ్లు పడిన ఎర్రమట్టి దారి. ఆ తర్వాత సరుగుడు తోటల మధ్య అంతా ఇసుక. నా కుడి మోకాలు అంత దూరం నడవనివ్వదు. మా మరదలి స్కూటీ నేర్చుకుని శారదా నది ఇసుకలో ఒకసారి ప్రయత్నించాను. బండి పక్కకు ఒరిగింది, నేనూ ఒరిగాను. దాన్ని లేపడం నా వల్ల కాలేదు. దారినపోయే ఇద్దరు లేపి, జాలిపడి ఇంటిదాకా తోడు వచ్చారు. ఒంటరిగా వెళ్లడానికి నేర్చుకున్న బండి మీద ఇద్దరు మనుషుల కాపలాతో ఇల్లు చేరాను.

మోకాలు చూసిన డాక్టరు, "నడక తగ్గించండి, సైకిలైతే పర్లేదు" అన్నాడు. ఆయన అన్నది ఇంట్లో ఒకచోట నిలబెట్టి తొక్కే సైకిల్ గురించని మా తమ్ముడు తర్వాత వివరించాడు. నేను మాత్రం కదిలే సైకిలనే అర్థం చేసుకున్నాను.

సైకిల్ షాపు యజమాని మా స్కూల్లో నా దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు మీసాలు, కొంచెం పొట్ట. నన్ను చూడగానే బెంచీ తుడిచాడు.

"టీచర్, మీరా! రండి రండి. లేడీస్ సైకిల్ కదా? బుట్ట ఉన్నది తీమంటారా?"

"ఇసుకలో వెళ్లేది కావాలి. గాళ్లలో కూడా."

వాడు మా తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు, "అక్క సెప్పింది విను, నా ముకం సూడకు" అన్నాడు.

అప్పుడు వాడు షాపు మధ్యలో నిలబెట్టిన ఒక ఎర్ర సైకిల్ దగ్గరికి తీసుకెళ్లాడు. దాని మీద మంటల బొమ్మలు, మెరుపుల బొమ్మలు అంటించి ఉన్నాయి. ముందు చక్రానికి రెండు వైపులా స్ప్రింగులు, సీటు కింద ఇంకో లావాటి స్ప్రింగు.

"డబల్ షాకు, టీచర్. ఊళ్లో అందరూ ఇదే అడుగుతన్నారు. సూడండి," అని సీటును అరచేత్తో నొక్కాడు. సీటు కిందికి దిగి పైకి లేచింది. "పరుపండి, పరుపు."

"రెండు స్ప్రింగులుంటే మంచిదే కదక్కా," అన్నాడు తమ్ముడు. "ఒకటి పోయినా ఇంకోటుంటాది."

నాకు బొమ్మలు నచ్చలేదు. అయినా బొమ్మల్ని బట్టి సైకిల్‌ని కాదనడం కూడా తప్పేనని, తొక్కి చూస్తానన్నాను. షాపు వెనక సందులోంచి నది గట్టు దాకా వెళ్లి వచ్చాను. ప్రతి తొక్కుకూ సీటు కిందికి వెళ్లి పైకి వస్తోంది. నేను పెట్టిన బలంలో సగం నా కిందే ఊగి అక్కడే ఖర్చైపోతోంది. గట్టు ఎక్కే చోట దిగి నెట్టాల్సి వచ్చింది. ఎత్తి చూద్దామంటే ముందు చక్రం మాత్రమే లేచింది.

"ఎలాగుంది, టీచర్?"

"ఊయలలా ఉంది. ఊయల ఎక్కడికీ వెళ్లదు కదా."

తమ్ముడు నవ్వాడు. షాపువాడు నవ్వలేదు. వాడికి ఆ ఎర్ర సైకిల్ మీద నిజమైన అభిమానం ఉంది.

అప్పుడే నాకు గోడ పక్కన, పాత ట్యూబుల వెనక నల్లది కనిపించింది. దుమ్ము పట్టి ఉంది. టైర్లు మాత్రం నా మూడు వేళ్ల వెడల్పున్నాయి, వాటి మీద లావాటి గుబ్బలు. ముందు స్ప్రింగులున్నాయి. సీటు కింద ఏమీ లేదు, ఉత్త గొట్టాలు.

"అదేంటి?"

"అది మీకొద్దు, టీచర్. ఎనకాల మొద్దు."

"మొద్దంటే?"

"స్ప్రింగు లేదండి. ముందు మట్టుకే ఉంది. విశాఖపట్నం నుంచి ఎవరో పెద్దమనిషి ఆర్డరిచ్చేడు. తీరా వచ్చేక సూసి, ఎనక స్ప్రింగేదీ, సగం సైకిలిచ్చేవేటి అని ఎల్లిపోయేడు. ఇంకెవరూ ముట్టుకోలేదు." కొంచెం ఆగి, "పదో తరగతిలో మీరు నన్ను మొద్దనేవోరు, గుర్తుందా టీచర్?" అన్నాడు.

"గుర్తుంది. అనకూడని మాట."

"అనకూడనిదేటండి, మొద్దునే. కానీ ఇది నాకన్నా మొద్దు. నమ్మండి."

నేను దాన్ని బయటికి తీయమన్నాను. తుడిచి, చెయిన్‌కి నూనె వేసి, గాలి కొట్టి ఇచ్చాడు. సీటు కిందికి దింపబోతే వద్దన్నాను. మా ఊళ్లో సీటు ఎప్పుడూ రెండు కాళ్లూ నేలకు ఆనేంత కిందికే పెడతారు. అలా తొక్కితే నా మోకాలు పోటు పెడుతుంది. కొంచెం ఎత్తులో ఉంచితే కాలు బాగా చాపుకుని తొక్కవచ్చు, నొప్పి లేదు. అడ్డగొట్టం బాగా ఏటవాలుగా ఉంది కాబట్టి దిగేటప్పుడు భయం లేదు.

ఈసారి గట్టు మీదికి తొక్కుకుంటూనే ఎక్కాను. చిన్న గేరులో పెడితే పిండి తిరగలి తిప్పినట్టు నెమ్మదిగా, తేలిగ్గా నడిచింది. గట్టు దిగే చోట చెరుకు బండ్లు చేసిన గాడి ఒకటి ఉంది. ముందు చక్రం అందులో పడి, స్ప్రింగు కుంగి, మళ్లీ లేచింది. వెనక చక్రం పడినప్పుడు నాకు తెలిసింది. తెలిస్తే ఏమైంది? సీటు మీంచి కొంచెం లేచాను, అంతే. నేను ఎంత తొక్కితే అది అంత కదిలింది. వెనక్కి వచ్చి దాన్ని రెండు చేతులతో నడుము దాకా ఎత్తాను. షాపువాడు కంగారుపడి పట్టుకోబోయాడు.

"వదులు. బస్సు మీదికి ఎక్కించాలి కదా, చూసుకోవద్దూ?"

"బస్సెందుకండి?"

"అక్క సెప్పింది విను," అన్నాడు తమ్ముడు మళ్లీ.

ఇక సామాన్ల దగ్గర పేచీ వచ్చింది. స్టాండు లేకుండా, క్యారియర్ లేకుండా సైకిల్ బయటికి పోవడం ఆ షాపులో ఎన్నడూ జరగలేదు. స్టాండుకి ఒప్పుకున్నాను. బెల్లుకీ ఒప్పుకున్నాను. క్యారియర్ వద్దన్నాను.

"క్యారియర్ లేకపోతే బస్తా ఎక్కడెడతావక్కా?" అన్నాడు తమ్ముడు. వాడి లోకంలో సైకిలంటే బెల్లం దిమ్మ మోసేదే.

"నాకు బస్తా ఏముంది?"

"పోనీ, ఎవరన్నా ఎనకాల ఎక్కాలంటే?"

"ఎవరూ ఎక్కరు కదా."

వాడు చేతిలో ఉన్న క్యారియర్‌ని తీసుకెళ్లి మేకుకు తగిలించాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

షాపువాడు మాత్రం చివరిదాకా సమాధానపడలేదు. "ఎవరన్నా అడిగితే నా షాపులో కొన్నానని సెప్పకండి, టీచర్. మొద్దు సైకిల్ టీచర్‌కి అంటగట్టేడంటారు," అన్నాడు. అలా దానికి మొద్దు అనే పేరు ఖాయమైంది. క్లాసులో ఎన్నో ఏళ్లు తప్పుగా వాడిన మాట అది. సైకిల్ విషయంలో అది మెచ్చుకోలు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు.

హ్యాండిల్‌కి దారంతో కట్టిన చిన్న ఇంగ్లిషు కాగితం ఒకటి ఉంది. షాపువాడు దాన్ని తెంపి పారేయబోతే తెచ్చుకుని చదివాను. టీచర్లకు ఆ జబ్బు ఉంటుంది. అందులో నాకు పనికొచ్చిన ముక్క ఒక్కటే: ఇసుకలో వెళ్లేటప్పుడు టైర్లలో గాలి తగ్గించాలి. టైరు మెత్తబడి, నేల మీద వెడల్పుగా పరుచుకుని, కూరుకుపోకుండా ఉంటుందట.

ఈ ముక్క అనకాపల్లిలో ఎవరికీ చెప్పలేకపోయాను. మా ఊళ్లో సైకిల్ టైరంటే బొటనవేలితో నొక్కితే చెక్కలా ఉండాలి. అలా లేకపోతే గాలి లేనట్టే. గాలి లేని టైరు మీద మనిషి పోతుంటే చూస్తూ ఊరుకోవడం మర్యాద కాదు. నెల రోజులు పొద్దున్నే నది ఇసుకలో తొక్కడం అలవాటు చేసుకున్నాను. ఆ నెల రోజులూ పాలవాడు, పేపరు వేసేవాడు, టీ బడ్డీ దగ్గర కూర్చునే పెద్దవాళ్లు, అందరిదీ ఒకటే కేక.

"టీచరమ్మా, గాలి లేదు!"

"ఉందండి, కావాలనే తగ్గించాను."

"లేదమ్మా, సూసుకో, ఎనకది మరీను!"

పాస్టరు గారు తన స్కూటరు ఆపి మరీ దిగి, వంగి, రెండు టైర్లూ నొక్కి చూశారు. "సిస్టర్, గాలి..." అన్నారు. ప్రార్థన అడిగితే చేసేవారేమో. చర్చిలో ఆడవాళ్లకు గాలి కన్నా నా చుడీదార్ మీద ఎక్కువ చింత. "మన టీచర్ గారు సర్కస్‌లో చేరారట," అని ఒకావిడ పక్కావిడతో నాకు వినబడేలా అంది. "చేరితే పాసులు ఇప్పిస్తాను," అన్నాను. పదకొండు నెలల తర్వాత చర్చి మెట్ల మీద నా మాటకు జనం నవ్వడం అదే మొదలు. ఆవిడ కూడా నవ్వింది.

రెండో శనివారం, సెలవు రోజు చూసుకుని బయల్దేరాను. తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు మలుపు దగ్గర టీ కొట్టులో కూర్చుంటానన్నాడు. వద్దన్నాను. పోనీ తోట మొదట్లో ఉంటానన్నాడు. అదీ వద్దన్నాను. ఫోను దగ్గర ఉంచుకుంటానని మాటిచ్చాక ఊరుకున్నాడు. బస్టాండుకు వచ్చి సైకిల్ బస్సు పైకి అందించాడు.

"టికెట్టు ఒకటేనా?" అన్నాడు కండక్టరు.

"ఒకటే."

"మరి పైనెక్కినోడికి?"

"వాడు మొద్దు. వాడికి లెక్కలు రావు, వదిలేయండి," అన్నాను. కండక్టరు పెద్దగా నవ్వి సైకిల్‌కీ లగేజీ టికెట్టు కొట్టాడు.

మలుపు దగ్గర దిగి ఎర్రమట్టి దారి పట్టాను. గాళ్లు బాగానే ఉన్నాయి కానీ బండి ఎప్పటికన్నా వేగంగా పోతోంది. నెల రోజుల్లో కాళ్లకు బలం వచ్చిందనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా. మొదటి రెండు కిలోమీటర్లు ఎలా అయ్యాయో తెలియలేదు.

సరుగుడు తోటలోకి వెళ్లగానే ముందు చక్రం ఇసుకలో దిగిపోయింది. పడిపోలేదు కానీ దిగాల్సి వచ్చింది. మళ్లీ ఎక్కాను. నాలుగు తొక్కులకు మళ్లీ దిగిపోయింది. నది ఇసుకలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఇక్కడి ఇసుక వేరేమో, నెల రోజులు చేసింది వృథాయేమో అనుకున్నాను. మూడోసారి పక్కకు పడ్డాను. దెబ్బ తగల్లేదు. కానీ నెట్టుకుంటూ వెళ్లడానికి ఇంకా మూడు కిలోమీటర్లు. మోకాలు అప్పుడే పోటు మొదలుపెట్టింది. చుట్టూ చూశాను, మనిషి లేడు. నేను అడిగిన ఒంటరితనం అదే. తీరా దొరికాక అక్కడ ఏం చేయాలో తోచలేదు.

అప్పుడు ఫోను మోగింది.

"ఎంతవరకు ఎల్లేవక్కా?"

"తోటలో ఉన్నాను."

"బాగా పోతందా? పోతాది. నిన్న సాయంత్రం నువ్వు స్కూలు నుంచి రాకముందే రెండు టైర్లూ గాలి కొట్టించేను. అసలు గాలి లేదక్కా, నువ్వు సూసుకోలేదు. ఇప్పుడు రాయిలాగుంటాది. భయం లేదు."

బొటనవేలితో టైరు నొక్కాను. నిజమే. రాయి.

"ఏటక్కా, మాటాడవు? రానా? మోటారుసైకిలు తీత్తన్నాను, ఓ గంటలో ఉంటాను."

రమ్మంటే వాడు వచ్చేవాడు. వెనక మరదల్ని కూడా ఎక్కించుకుని వచ్చేవాడు. ముగ్గురం కలిసి వెళ్లి, ఆరోసారి కూడా అలాగే తిరిగి వచ్చేవాళ్లం. వాడి మీద నాకు కోపం రాలేదు. ఆ పదకొండు నెలలూ అందరూ నాకు చేసింది ఇదే, ప్రేమతో గాలి కొట్టడం. కానీ ఆ మాట ఫోనులో చెప్పేది కాదు.

"వద్దు. బాగానే పోతోంది," అని పెట్టేశాను. అబద్ధమే.

ఇసుకలో కూర్చుని తలలోంచి పిన్ను తీశాను. ఆ టైర్లకు మోటారుసైకిల్‌కి ఉండేలాంటి వాల్వు ఉంటుంది, మధ్యలో చిన్న పుల్ల. దాన్ని పిన్నుతో నొక్కితే గాలి బుస్సుమని వచ్చింది. భయం వేసింది, ఎందుకంటే నా దగ్గర పంపు లేదు. ఎక్కువ తీసేస్తే తిరిగి నింపడానికి ఆ తోటలో దిక్కు లేదు. కొంచెం తీసి నొక్కాను. ఇంకొంచెం తీసి నొక్కాను. బొటనవేలు గోరు సగం దాకా దిగేసరికి ఆపాను. నది దగ్గర నా లెక్క అదే. వెనక చక్రానికి ఒక్క బుస్సు తక్కువ తీశాను, నా బరువంతా దాని మీదే కాబట్టి.

చిన్న గేరులో పెట్టి ఎక్కాను. ముందు చక్రం ఒకసారి అటూ ఇటూ వెతుక్కుంది. తర్వాత ఇసుక మీద పరుచుకుని కదిలింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే పక్కకు లాగుతోంది, వదులుగా పట్టుకుంటే దారి అదే చూసుకుంటోంది. టైర్ల కింద సరుగుడు కాయలు చిట్లుతున్నాయి. మనిషి నడిచినంత వేగమే, కానీ ఆగలేదు. తోట చివర సముద్రపు గాలి మొహానికి తగిలినప్పుడు నాకు తెలియకుండానే బెల్లు కొట్టాను. వినడానికి ఎవరూ లేరు. ఇంకోసారి కొట్టాను.

సమాధుల దొడ్డి గోడకు సైకిల్ ఆనించి లోపలికి వెళ్లాను. ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఇంత కష్టపడి వచ్చాను కాబట్టి పెద్ద మాటలేవో మనసులో వస్తాయనుకున్నాను. ఏవీ రాలేదు. స్కూల్లో కొత్త హెడ్‌మాస్టరు సంగతి చెప్పాను. కుళాయి బాగు చేయించిన సంగతి చెప్పాను. డబ్బాలో తెచ్చిన ఇడ్లీలు తిన్నాను. కొంచెం ఏడ్చాను, నాకు కావలసినంతే. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

గోడ అవతల ఊడుస్తున్న చప్పుడైంది. ఒక ముసలావిడ పొయ్యిలోకి సరుగుడు ఆకులు పోగుచేసుకుంటూ లోపలికి వచ్చింది. నన్నూ సైకిల్‌నీ మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసేవా?"

ఈ ప్రశ్న నన్ను ఏడాదిగా చాలామంది అడిగారు. ఎవరు అడిగినా అందులో ఒక జాలి ఉండేది. ఈవిడ మాత్రం తెలుసుకోవడానికే అడిగింది.

"ఒక్కదాన్నే వచ్చాను."

"మీ ఆయనా?" సమాధి వైపు గడ్డం చూపించింది.

"అవును."

"మంచోడేనా?"

ఇది నన్ను ఎవరూ అడగలేదు. అందరూ ఆయన మంచివాడని నాకే చెప్పేవారు.

"మంచివాడే. గురక మాత్రం భరించలేం. పక్కింటివాళ్లు కూడా లేచేవారు."

ఆవిడ చీపురు పక్కన పెట్టి నా ఎదురుగా చతికిలబడింది. "మావోడూ అంతేనమ్మా. వలకెల్లిన రోజు తప్ప నాకు నిద్దర నేదు. అదిగో, ఆ మూలనున్నాడు," అని చెయ్యి చాపి చూపించింది. ఇద్దరం ఆ మూలకేసి చూశాం. ఆవిడ కొంచెంసేపు చెవి ఒగ్గి, "ఇప్పుడు సప్పుడు సెయ్యడం నేదు," అంది.

ముందు ఆవిడే నవ్వింది. నాకూ ఆగలేదు. చీరకొంగు అయితే నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. చున్నీ సైకిల్ మీద ఉండిపోయింది. ఐదుసార్లు అక్కడికి వెళ్లినా నన్ను నవ్వనిచ్చిన మనిషి ఒక్కరూ లేరు. అలా నోరు తెరిచే నవ్వాను, మా ఆయన పక్కన కూర్చుని.